చీమల రాణి గారి సంతృప్తి

ప్రజల మొర ఆలకించడానికి ప్రభుత్వానికి ఒకప్పుడు చాలా చెవులుండేవి. కుళాయి ఎండిపోతే ఒక ఫోన్ నంబరు, కరెంటు పోతే మరొకటి, పెరట్లో పాము కనబడితే ఇంకొకటి, మొగుడు కొడితే వేరొకటి. వీటిలో ఏ చెవీ సరిగ్గా వినడం లేదని తేలినప్పుడు, చెవులకు వైద్యం చేయించడం కంటే అన్నిటినీ కలిపి ఒకే చెవిగా కుట్టేయడం సులువని పెద్దలు నిర్ణయించారు. ఆ పథకానికి ‘ఏకకర్ణ’ అని నామకరణం జరిగింది. ప్రారంభోత్సవం నాడు ప్రతి జిల్లా కేంద్రంలోనూ థర్మోకోలుతో చేసిన పెద్ద చెవిని లారీ మీద ఊరేగించారు. గెడ్డపేటలో ఊరేగింపు మధ్యలో ఆ చెవి కరెంటు తీగకు తగిలి తమ్మె విరిగింది గాని, దాన్ని ఎవరూ అపశకునంగా తీసుకోలేదు.

ఏకకర్ణకు ఆయువుపట్టు ఒక నియమం. ఒకసారి నమోదైన బాధను రద్దు చేయరాదు, మరో శాఖ మీదికి నెట్టరాదు. బాధపడినవారు స్వయంగా సంతృప్తి వ్యక్తం చేసిన నాడే దస్త్రం మూయాలి. అంతవరకూ అధికారులు ఫిర్యాదులను రద్దు చేసీ, ఒకరి మీదికొకరు నెట్టుకునీ కాలక్షేపం చేస్తూ ఉండేవారు కనుక ఈ నియమాన్ని చదివినవారందరూ మెచ్చుకున్నారు. మూసిన దస్త్రాలను బట్టి జిల్లాలకు ర్యాంకులు ఇచ్చేవారు. గెడ్డపేట జిల్లాది కింది నుంచి మొదటి ర్యాంకు.

అదే ఊళ్ళో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే అవసరాల పురుషోత్తానికి ఈ సంగతులేవీ పట్టలేదు. యాభై దాటినవాడు, పెళ్ళి చేసుకోనివాడు, ఎవరి పెళ్ళికీ వెళ్ళనివాడు. ఏడాదికి ఒక్క పెళ్ళికి మాత్రం తప్పకుండా హాజరయ్యేవాడు. తొలకరి వాన వెలిసిన సాయంత్రం, నేల ఆవిరి కక్కుతున్న వేళ, భూమిలోని గూళ్ళ నుంచి రెక్కల చీమలు గుంపులుగా లేచి గాలిలోనే చేసుకునే పెళ్ళి అది. పురుషోత్తం వీధి అరుగు మీద గొడుగుతో, భూతద్దంతో కూర్చుని ఆ వేడుక చూసేవాడు. ఇరుగుపొరుగులు అతన్ని చూసి పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు.

ఆ ఏడు అతని అరుగు మెట్టు మీద ఒక రాణి దొరికింది. వేలి కణుపంత పొడవు, నల్లని నిగనిగ, అప్పుడే రెక్కలు రాల్చుకుని తలదాచుకునే పగులు కోసం వెతుకుతోంది. చూపుకు గండుచీమల రాణిలాగే ఉంది. కాని కాళ్ళ మొదళ్ళలో ఒక ఎర్రని ఛాయ అతన్ని నిలవనీయలేదు. మిఠాయి కొట్ల చుట్టూ తిరిగే మామూలు గండుచీమ ఒకటి, కొండల మీద మాత్రమే ఉంటుందని అతను నమ్ముతూ వచ్చిన రకం మరొకటి. రెండిటి రాణులూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. రాణిని చూసి తేల్చలేనిది దాని తొలి కూతుళ్ళను చూస్తే తేలుతుంది. లేదా జీవవైవిధ్య కార్యాలయంలో తాళం వేసి ఉన్న పాత నమూనాలతో పోల్చి చూడాలి.

పురుషోత్తం జీవితంలో ఒక్క తప్పుడు చీటీ రాసి ఏ కీటకానికీ అంటించలేదు. తెలియనిదాని కింద ‘తెలియదు’ అని రాసేవాడు. అతనికున్న గర్వమల్లా అదొక్కటే. రాణిని గాజు గొట్టంలోకి ఎక్కించి, అడుగున తడి దూది, మూతికి పొడి దూది పెట్టి, నల్ల కాగితం చుట్టి బల్ల సొరుగులో భద్రపరిచాడు. చీకటి, చెమ్మ, నిశ్శబ్దం. ఈ మూడూ దొరికితే అది తన ఒంట్లోని కండనే కరిగించుకుని గుడ్లు పెట్టి పిల్లల్ని సాకుతుంది. కదిపితే, వెలుతురు చూపితే బెదిరి తన గుడ్లను తానే తినేస్తుంది. ఆ గొట్టంలో ఒక సంసారం నిలబడాలి. అతనికి కావలసిందల్లా అంతే.

జీవవైవిధ్య కార్యాలయానికి ఫోన్ చేశాడు. ఆ నంబరు ఏకకర్ణలో కలిసిపోయిందని అతనికి తెలియదు.

“ఏకకర్ణకు స్వాగతం. మీ బాధే మా బాధ. చెప్పండి సార్,” అంది ఒక అమ్మాయి.

“బాధేమీ లేదమ్మా. గుర్తింపు కావాలి.”

“ఎవరికి సార్?”

“చీమల రాణికి.”

ఈగలవారు, నక్కావారు, పిల్లావారు ఉన్న ప్రాంతంలో చీమలవారు ఉండరాదని ఏమీ లేదు. ఇంటిపేరు గడిలో చీమల అనీ, పేరు గడిలో రాణి అనీ ఆ అమ్మాయి నింపేసింది.

“ఎక్కడ దొరికింది సార్?”

“మా ఇంటి మెట్ల మీద. వాన వెలిశాక.”

“ఒక్కర్తేనా?”

“ఒక్కర్తే.”

“పెళ్ళయిందా?”

పురుషోత్తం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఇంత సూటిగా విషయంలోకి దిగిన ప్రశ్న కళాశాలలో ఏ విద్యార్థీ ఎన్నడూ వేయలేదు. “అయిందమ్మా. ఈ సాయంత్రమే. చూడగానే తెలిసిపోతుంది.”

“మరి భర్త?”

“పోయి ఉంటాడు. ఆ జాతిలో మగాడి బతుకు అంతే, పెళ్ళితో సరి.”

అటువైపు మీటల చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయింది. “ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయా సార్?”

“రెక్కలు రెండు వైపులా మొదలంటా పోయాయి. దెబ్బ కాదులే, తనంతట తనే విరుచుకుంది.”

గెడ్డపేటలో రెక్క అంటే ముందు గుర్తొచ్చేది భుజం కింది భాగమే. ఆ అమ్మాయి చిన్నాన్న తాటిచెట్టు మీంచి పడి రెక్క విరిగి మంచంలో ఉన్నాడు. ‘రెండు చేతులకూ తీవ్ర గాయములు’ అని రాసింది.

“ఇప్పుడెక్కడుంది సార్?”

“నా గదిలోనే, చీకట్లో ఉంచాను. వెలుతురు తగలకూడదు. ఎవరూ పలకరించకూడదు.”

“భోజనం?”

“నెల దాటేదాకా ఏమీ తినదు. నీళ్ళకు మాత్రం లోటు లేదు.”

“బయటికి వస్తుందా సార్?”

“ఇంకెక్కడి బయట? జన్మంతా లోపలే. పిల్లల్ని కనడమే పని.”

“మీరు ఆవిడకి ఏమవుతారు సార్?”

“నేనా? ఏమీ కాను,” అన్నాడు పురుషోత్తం. “దొరికింది, ఉంచుకున్నాను.”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అతని మనసు తేలికగా ఉంది. ప్రభుత్వంలో చీమల గురించి ఇంత తెలిసిన మనిషి ఉందని అతను కలలోనైనా అనుకోలేదు.

ఇందులో ఇద్దరి తప్పూ లేదు. తప్పంటూ ఉంటే భాషది. మన వ్యాకరణంలో ఒక ఆడమనిషికీ ఒక చీమకూ క్రియ ఒకటే. వచ్చింది, తినదు, కంటుంది. బహువచనంలోకి వెళితే గాని తెలుగు మనిషిని వేరుగా నిలబెట్టదు. మనుషులైతే ఉన్నారు, చీమలైతే ఉన్నాయి. దురదృష్టవశాత్తు పురుషోత్తానికి దొరికింది ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు జీపు ఆగింది. అందులోంచి మహిళా రక్షణాధికారి మజ్జి హేమసుందరి, ఆమె వెనక లాఠీతో కానిస్టేబుల్ పైడమ్మ దిగారు.

“పురుషోత్తం అంటే మీరేనా?” అంది హేమసుందరి.

“నేనేనండి.”

“ఆవిడెక్కడ?”

“ఎవరండీ?”

“రాణి. ఉంచుకున్నానని మీ నోటితో మీరే చెప్పారట.”

“అదా. రండి రండి. బల్ల సొరుగులో ఉంది.”

పైడమ్మ గోడకి చేరబడింది. “సొరుగులోనేటి మేడమ్,” అంది గొంతు తగ్గించి. “ముక్కలు సేసీసినాడేటి.”

పురుషోత్తం సొరుగు అంగుళం లాగి, నల్ల కాగితం కొసను పక్కకు తప్పించి, భూతద్దం అందించాడు. హేమసుందరి వంగి చూసింది. పైడమ్మ కూడా చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఓలమ్మ, సీమ.”

హేమసుందరి నవ్వలేదు. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగింది. తాగాక అంది: “మాస్టారూ, ఇది చీమ అని నాకూ కనబడుతోంది. కాని కనబడింది రాయడానికి నా దగ్గర గడి లేదు.”

“పొరపాటని రాసేయండి.”

“పొరపాటని రాస్తే ఎవరి పొరపాటో రాయాలి. రద్దు చేద్దామంటే నియమం ఒప్పుకోదు. వన్యప్రాణివాళ్ళకు పంపుదామంటే నెట్టరాదన్నారు. ఈవిడ సంతృప్తిగా ఉన్నానంటే తప్ప ఫైలు మూతపడదు. అప్పటిదాకా వారం వారం నేనొచ్చి, వెలుతురులో ఆవిడ ముఖం చూసి, యోగక్షేమాలు విచారించాలి.”

“వెలుతురు చూపితే గుడ్లు తినేస్తుందండి.”

ఆమె కలం ఆగింది. “కన్నబిడ్డల్నా?”

“అది రాయకండి,” అన్నాడు పురుషోత్తం కంగారుగా. “దయచేసి అది మాత్రం రాయకండి.”

హేమసుందరి కాసేపు అతని ముఖం కేసి చూసి, ముఖం చూడాలన్న నిబంధనను పక్కన పెట్టింది. మూసిన సొరుగు ముందు వంగి మెల్లిగా అడిగింది: “రాణి గారూ, బాగున్నారా అమ్మా?” నియమం ప్రకారం కొంచెం ఆగింది. తర్వాత ‘మౌనము. మనోవేదన కావచ్చును’ అని రాసుకుని వెళ్ళిపోయింది.

వారాలు గడిచాయి. సొరుగులో తెల్లని ఆవగింజల్లాంటి గుడ్ల కుప్ప కనబడిన రోజున పురుషోత్తం చెప్పులు బయటే విడిచి గదిలో మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే జిల్లా ఏకకర్ణ సమన్వయాధికారి బుగత జగన్నాథ నాయుడుగారి నుంచి పిలుపు వచ్చింది.

నాయుడుగారు చీమను చీమ అని ఒక్కసారైనా అనలేదు. దస్త్రంలో లేని మాటను నోటితో పలకడం ఆయన స్వభావానికే విరుద్ధం. “మాస్టారూ,” అన్నారు, “తమరు మా అధికారిణికి ఇచ్చిన వివరణ యందు లబ్ధిదారును గండు అని పేర్కొని ఉన్నారు. గండు అనగా మగ. గండుపిల్లి, గండుతుమ్మెద. మహిళా రక్షణ పథకమందు పురుషుడు ప్రవేశించియున్నట్లు ఆడిట్‌వారు ఆక్షేపించిన యెడల సమాధానమేమి?”

“గండుచీమ అన్నది జాతి పేరండి. పెద్దదిగా ఉంటుందని అలా అంటారు. అందులో పనిచేసేవన్నీ ఆడవే.”

“అన్నియునా? మరి మగవి ఏమి చేయును?”

“పెళ్ళి రోజుదాకా కూర్చుని తింటాయండి.”

“మా యింట్లో పెళ్ళయ్యాకా అదే,” అంది తలుపు దగ్గర నిలబడ్డ పైడమ్మ.

నాయుడుగారు ఆమె వైపు చూడకుండా గంట కొట్టారు. ఎవరూ రాలేదు. “సరే. గండు అనునది పూర్వీకుల నుంచి సంక్రమించిన బిరుదుగా భావించడమైనది,” అని రాయించి, రెండో విషయానికి వచ్చారు. “అవివాహితుడగు పురుషుని నివాసమందు, బంధుత్వరహితయగు వితంతువును ఉంచరాదు. ఆమెను తక్షణమే జిల్లా మహిళా సదనమునకు తరలించవలెను. జీపు సిద్ధముగా నున్నది.”

మహిళా సదనం గెడ్డ అవతల, వాగు దాటాక ఉంది. ఆ గతుకుల దారిలో వెళ్ళిన కోడిగుడ్ల బండ్లు కూడా సగం ఖాళీగా చేరేవి. పురుషోత్తం కళ్ళ ముందు ఆ తెల్లని చిన్న కుప్ప కదిలింది.

“చంపేసినట్టేనండి,” అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినబడింది. “ఒక్క నెల ఆగండి. ఒక్క నెల ఎవరూ కదపకుండా ఉంటే చాలు.”

“బంధుత్వమున్న యెడల అభ్యంతరము లేదు,” అన్నారు నాయుడుగారు పైకప్పు కేసి చూస్తూ.

హేమసుందరి అతని పక్కకు వంగింది. “చెల్లెలని రాయండి మాస్టారూ.”

“ఇంటిపేరు కలవదు కదండీ,” అన్నాడు పురుషోత్తం. అబద్ధంలోనైనా పొసగనిది అతను భరించలేడు.

“పెళ్ళయితే ఇంటిపేరు మారదా? అవసరాలవారి ఆడపడుచు, చీమలవారి కోడలు. మొగుడు పోయి అన్నగారింటికి చేరింది.”

“అతికినట్లు సరిపోయినది,” అన్నారు నాయుడుగారు, మొదటిసారి మనిషిలా నవ్వి.

పురుషోత్తం కలం తీసుకున్నాడు. ఏ తూనీగనూ తుమ్మెద అని రాయనివాడు, సందేహం ఉన్నచోటల్లా ‘తెలియదు’ అని రాసినవాడు, చుట్టరికం అన్న మాట ఎదురుగా తన సన్నని, పొందికైన అక్షరాలతో ‘చెల్లెలు’ అని రాశాడు. ఇంటికి వచ్చి చొక్కా మార్చుకోకుండా చాలాసేపు సొరుగు దగ్గర కూర్చున్నాడు. లోపలి నుంచి ఎలాంటి చప్పుడూ రాలేదు. అదే అతనికి ఊరట.

తొలి కూతుళ్ళు శ్రావణంలో బయటపడ్డాయి. చిన్నవి, పలచనివి, నిలబడితే కాళ్ళు వణికేవి. పురుషోత్తం భూతద్దం కింద వాటి తల, నడుము, కాళ్ళు, వెంట్రుకలు ఓపికగా పరిశీలించాడు. మామూలు గండుచీమలు. ఏ మిఠాయి కొట్టు ముందు బెల్లం చుక్క పడినా ముందు పరుగెత్తుకొచ్చేవి. కొండా లేదు, కొత్త రకమూ లేదు. అతను కొంచెంసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత చీటీ మీద ఉన్నదున్నట్టు రాసి గొట్టానికి అంటించి, పంచదార నీళ్ళు కలిపి తెచ్చాడు.

ఆ వారమే నాయుడుగారు స్వయంగా వచ్చారు, ఫోటోగ్రాఫరుతో, సిరా పెట్టెతో. అక్షరజ్ఞానం లేనివారు ముద్ర వేసి సంతృప్తి తెలపవచ్చునని రాజధాని నుంచి వివరణ వచ్చిందట. పురుషోత్తం కర్టెన్లు దించి, దూది ఒక పక్క కొద్దిగా వదులు చేశాడు. ఒక కూతురు బయటికొచ్చి, సిరా పెట్టె మీదుగా నడిచి, ‘సంతృప్తి చెందితిని’ అన్న వాక్యం కింద కొంత దూరం తిరిగి, కాగితం అంచున ఆగి మీసాలు తుడుచుకుంది. దాని వెనక నీలి చుక్కల బారు మిగిలింది.

“ఇది వారి ముద్రేనా?” అన్నారు నాయుడుగారు.

“కాదండి. కూతురిది.”

“కూతురు ఉన్నదా?”

“చాలా ఉన్నాయండి. అన్నీ ఆడవే. ఇంకా పుడుతూనే ఉంటాయి.”

నాయుడుగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఆ కళ్ళలో ఒక వెలుగు పుట్టి మెల్లిగా ముఖమంతా పాకడం పురుషోత్తం చూశాడు. “తండ్రిలేని ఆడపిల్లలు,” అన్నారు ఆయన, శ్లోకం చదువుతున్నట్టు. “ఒక్కొక్కరిదీ ఒక్కొక్క బాధ. ఒక్కొక్క బాధకూ ఒక్కొక్క దస్త్రము. ప్రతి దస్త్రమునకూ అక్కడికక్కడే ముద్ర.”

మహాలయ పక్షం దాటకుండా గెడ్డపేట జిల్లా అట్టడుగు నుంచి అగ్రస్థానానికి ఎగబాకింది. దానికి ‘గెడ్డపేట నమూనా’ అని పేరొచ్చింది. వాన పడ్డ సాయంత్రాల్లో రాణులను సేకరించి ఆశ్రయం కల్పించాలని అన్ని జిల్లాలకూ ఉత్తర్వు వెళ్ళింది. మర్నాటి వానకే గుమాస్తాలు, పర్యవేక్షకులు, ఒక ఉపకలెక్టరు గొడుగులు పట్టుకుని వీధి దీపాల కింద బారులు తీరారు. దీపాల చుట్టూ రెక్కల పురుగులు కుప్పలుగా రాలాయి. బుట్టలతో ఎత్తుకుపోయారు.

ఆ సంగతి పేపర్లో ఫోటో చూసి పురుషోత్తం తెలుసుకున్నాడు. ఫోటోలో బుట్ట స్పష్టంగా పడింది. చదివి వెంటనే ఏకకర్ణ కార్యాలయానికి రాశాడు: ‘అయ్యా, తమరు పట్టినవి రాణి చీమలు కావు. ఉసుళ్ళు, అనగా రెక్కలొచ్చిన చెదలు. గుర్తుపట్టడం కష్టం కాదు. చీమ మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి, చెదవి పూసల దండలా తిన్నగా ఉంటాయి. చీమకు ముందు రెక్కలు పొడుగు, వెనకవి పొట్టి. చెదకు నాలుగూ సమానం. అన్నిటికంటె ముఖ్యం, చీమకు సన్నని నడుము ఉంటుంది, చెదకు నడుమే ఉండదు.’

జవాబు తొందరగానే వచ్చింది. ‘తమ సూచన పరిశీలించడమైనది. నడుము లేదను కారణముచే ఏ మహిళనూ పథక ప్రయోజనములకు దూరము చేయుట ప్రభుత్వ విధానము కాదు.’

ఆశ్రయం ఎక్కడ కల్పించాలన్న ప్రశ్నకు పురుషోత్తం పాత వాంగ్మూలమే ఆధారమయింది. చీకటి, చెమ్మ, నిశ్శబ్దం. ఈ మూడూ ఒకేచోట ఉన్నది జిల్లా కార్యాలయంలో దస్త్రాల గది. అక్కడికి కొత్త దస్త్రం పెట్టడానికి తప్ప ఏళ్ళ తరబడి ఎవరూ వెళ్ళినట్టు లేదు. లబ్ధిదారులకు ‘పుట్టింటి వాతావరణం’ కల్పించాలని ఉత్తర్వులో ఒక కరుణాపూరితమైన వాక్యం ఉంది. పుట్టిల్లు అన్నదాన్ని పుట్ట అనే ఇల్లుగా అర్థం చేసుకున్న నాయుడుగారు, పొలిమేరలోని పచ్చి చెదపుట్టలను సజీవంగా తవ్వించి, ట్రాక్టరు మీద తెప్పించి, అలమారాల మధ్య పేర్పించి, నీళ్ళు చల్లించి, తలుపు వేయించారు. ‘లోపల మహిళలున్నారు. శబ్దం చేయరాదు’ అని బోర్డు పెట్టించారు.

పురుషోత్తం ఆ గది ముందు నిలబడి, లోపలి చెదలు ఏం తింటాయో చెప్పబోయాడు. పైడమ్మ బోర్డు కేసి చూపించింది. “అరవకండి మాస్టారూ. ఆలకి భయం.”

ఇంతలో అసలు పిడుగు పడింది. పథకానికి ఆద్యురాలైన శ్రీమతి చీమల రాణిని దసరా వెళ్ళాక రాజధానికి తీసుకువెళ్ళి, పెద్దల చేతుల మీదుగా శాలువా కప్పి, సన్నాయి మేళంతో సన్మానించాలని ఉత్తర్వు వచ్చింది. కాగితం తెచ్చిన హేమసుందరి తలెత్తలేదు.

“మేళమా?” అన్నాడు పురుషోత్తం.

“పెద్ద మేళమే మాస్టారూ.”

“శాలువా ఎవరికి కప్పుతారు?”

“అది ఇంకా తేలలేదు.”

అతను సొరుగు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. “ఒంట్లో బాగాలేదని రాయండి.”

“డాక్టరును పంపుతారు.”

“చచ్చిపోయిందని రాయండి.” ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమయింది.

“విచారణ వేస్తారు. అన్నగారు కదా, మిమ్మల్ని అరెస్టు చేస్తారు.” హేమసుందరి లేచి, తలుపు దాకా వెళ్ళి ఆగింది. “ఫైలంటూ ఉన్నంతకాలం ఈవిడకి మోక్షం లేదు మాస్టారూ.”

పండుగ సెలవుల తర్వాత, ప్రయాణపు ఏర్పాట్ల కోసం మూల దస్త్రం కావలసివచ్చి, నాయుడుగారు దస్త్రాల గది తలుపు తీయించారు. దస్త్రాలన్నీ ఎక్కడివక్కడే, వరుస తప్పకుండా నిలబడి ఉన్నాయి. గుమాస్తా ఒకదాన్ని పట్టుకుని లాగాడు. చేతిలోకి అట్ట వచ్చింది. అట్టకీ అట్టకీ మధ్య ఎర్రమన్ను. మరొకటి లాగాడు. అదీ అంతే. బాధలు, విచారణలు, వాంగ్మూలాలు, సిరా చుక్కల ముద్రలు, అన్నీ మెత్తగా, నున్నగా, మాట మిగలకుండా అరిగిపోయాయి. వివరాలు దాచే కంప్యూటర్లను కూడా ఆ గదిలోనే ఉంచారు. వాటి లోపల పుట్ట మొలిచింది.

నాయుడుగారు తలుపు మళ్ళీ వేయించారు. తర్వాత రాజధానికి పంపిన నివేదికలో ఆయన ఒక్క అబద్ధమూ రాయలేదు. ‘జిల్లాలో ఈనాటికి ఒక్క దస్త్రమూ పెండింగులో లేదు. లబ్ధిదారులు సంపూర్ణముగా సంతృప్తి చెందిరి.’ మిగతా జిల్లాల నుంచీ అదే వారంలో అలాంటి నివేదికలే వెళ్ళాయని వినికిడి. అందరికీ మొదటి ర్యాంకు వచ్చింది.

సన్మానం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎవరికి చేయాలో రాసి ఉన్న కాగితం లేదు.

కార్తికం వచ్చింది. గెడ్డపేట మీద చలి గాలి తిరిగింది. పురుషోత్తం ఒక మధ్యాహ్నం, సొరుగు అంగుళం తీసి, దూది చివర పంచదార నీటి చుక్క వదులుతున్నాడు. రాణి పొట్ట నిండుగా, నిదానంగా ఉంది. దాని చుట్టూ కూతుళ్ళు పిల్లలున్న తెల్లని పట్టుగూళ్ళను నోట కరచుకుని అటూ ఇటూ మోస్తున్నాయి. అప్పుడు ఫోన్ మోగింది.

“ఏకకర్ణ నుంచి సార్,” అంది ఆ అమ్మాయే. “పాత వివరాలన్నీ పోయాయి. గుర్తున్నవాళ్ళకి ఫోన్ చేసి మళ్ళీ సరిచూసుకుంటున్నాం. మీ ఇంట్లో చీమల రాణి అనే మహిళ ఎవరైనా ఉన్నారా?”

ఎన్ని కార్యాలయాల్లో, ఎంతమందికి, ఎన్ని విధాల చెప్పినా ఎవరూ రాసుకోని నిజం అది. దాన్ని చెప్పమని ఇన్నాళ్ళకు ప్రభుత్వమే అడుగుతోంది. పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు.

“లేరమ్మా.”

“ఇంతకుముందు ఎప్పుడైనా ఉన్నారా సార్?”

“ఎప్పుడూ లేరు.”

“చుట్టాలు?”

“నాకు చెల్లెళ్ళు లేరు.” ఆ ఒక్క మాటతో అతని చీటీలన్నీ మళ్ళీ శుభ్రపడ్డట్టయింది.

“మంచిది సార్. రాసుకున్నాను. అయితే మీకు సంతృప్తేనా?” అంది ఆ అమ్మాయి, మాట అటువైపు వినబడుతోందో లేదోనని గొంతు పెంచి. ఫోన్‌లోంచి ఆ చప్పుడు గదంతా పరుచుకుంది. సొరుగులో గూళ్ళు మోస్తున్న కూతుళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“మెల్లిగా అమ్మా, మెల్లిగా,” అన్నాడు పురుషోత్తం, అరచేత్తో ఫోన్ కప్పుకుంటూ. “లోపల పిల్లలున్నారు.”

 అటువైపు మీటల చప్పుడు మొదలయింది.

“ఎంతమంది సార్?”